దేవుని ముందు చెయ్యి చాచినవాడు

(ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలపు సాయంకాల కూడికల్లో, భీమవరం దగ్గరి ఒక గ్రామ సంఘంలో, కొండమీద ప్రసంగంపై జరుగుతున్న వరస ప్రసంగాల్లో మొదటిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. దాళ్వా చేలు ఈనే రోజులివి. వంతు నీళ్ళ కోసం రాత్రంతా కాలువ గట్టు మీద మేలుకుని, పొద్దున మళ్ళీ పనికెళ్ళి, ఇప్పుడు వాక్యం వినడానికి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అందుకని చుట్టూ తిప్పకుండా వచనంలోకి వెళ్ళిపోదాం. మత్తయి సువార్త ఐదో అధ్యాయం, మూడో వచనం. “ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు, పరలోకరాజ్యము వారిది.” ఇంకోసారి, అందరం కలిసి చదువుదాం. “ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు, పరలోకరాజ్యము వారిది.”

ఇది మనకి కొత్త వచనం కాదు. సండే స్కూల్లో కంఠతా పట్టాం. కానీ ఒక మాట అడుగుతాను, చెప్పండి. మనం ఉద్యోగం కోసం ప్రార్థన చేస్తాం. వీసా కోసం చేస్తాం. పిల్ల పెళ్ళి కుదరాలని, మోకాళ్ళ నొప్పులు తగ్గాలని, రొయ్యకి వైరస్ రాకూడదని చేస్తాం. చెయ్యాలి కూడా. మరి “ప్రభువా, నన్ను ఆత్మలో దీనుణ్ణి చెయ్యి” అని ఎప్పుడైనా అడిగామా? ఎవరైనా మీ ఇంటికొచ్చి, “మీ అబ్బాయి దీనుడండీ” అంటే సంతోషిస్తారా? సంతోషించరు. కాఫీ కూడా ఇవ్వరు. ఎందుకంటే దైన్యం ఎలా ఉంటుందో మనం చూసినవాళ్ళం. మరి యేసుప్రభువు నోరు తెరిచి బోధించడం మొదలుపెట్టగానే మొట్టమొదట ఈ మాటే ఎందుకన్నాడు? దుఃఖపడేవాళ్ళ సంగతి, సాత్వికుల సంగతి, నీతి కోసం ఆకలిగొన్నవాళ్ళ సంగతి తర్వాత చెప్పాడు. ముందు వీళ్ళ సంగతి చెప్పాడు.

ఆ కొండ దగ్గర ఎవరున్నారో చూడండి. ఒక పేజీ వెనక్కి తిప్పండి, నాలుగో అధ్యాయం ఇరవైనాలుగో వచనం. రోగాలతో వేదనలతో పీడించబడుతున్నవాళ్ళు, దయ్యం పట్టినవాళ్ళు, మూర్ఛలవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు. వాళ్ళని మోసుకొచ్చినవాళ్ళు. గలిలయ నుంచి, దెకపొలి నుంచి, యొర్దాను అవతలి నుంచి వచ్చిన జనం. యెరూషలేములో పేరు మోసిన ఇంటివాళ్ళ పట్టిక కాదు ఇది. తమ వల్ల కానిది ఒకటి ఉంది, అందుకు ఒకడి దగ్గరికి పోవాలి అని తెలిసి వచ్చినవాళ్ళు. శిష్యులు దగ్గరగా కూర్చున్నారు, ఈ జనం చుట్టూ ఉన్నారు. వాళ్ళని చూస్తూ చెప్పిన మాట ఇది.

ఇందాక కూడికకి ముందు అరుగు మీద ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఈ వచనం మీద మాట్లాడతానని తెలుసుకుని వచ్చి మరీ అడిగాడు. “అయ్యా, మా తాత కామందు ముందు వంగి నిలబడ్డాడు. మా నాన్న ఆఫీసుల్లో వంగి నిలబడ్డాడు. ఇప్పుడు దేవుడు కూడా వంగమనే అంటున్నాడా?” అన్నాడు. అతను ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. తమ్ముడూ, నీ ప్రశ్న తేలిక ప్రశ్న కాదు. ఈ వచనం మీద ఇంతకంటే సరైన ప్రశ్న ఉంటుందని నేను అనుకోను. ఈ రాత్రి నేను చెప్పేదంతా నీకు జవాబే అనుకో.

ముందు డబ్బు సంగతి. లూకా సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు “బీదలైన మీరు ధన్యులు” అన్నాడు. అక్కడ ఆత్మ అన్న మాట లేదు. సూటిగా బీదలైన మీరు అన్నాడు. కాస్త ఉన్నవాళ్ళందరం ఏం చేస్తామంటే, లూకా వచనం ఇబ్బంది పెడితే మత్తయి వచనం వెనక్కి వెళ్ళి దాక్కుంటాం. “అబ్బే, డబ్బు గురించి కాదండీ, ఆత్మ గురించి” అంటాం. అలా దాక్కోవడానికి కాదు మత్తయి రాసింది. కీర్తనలు చదవండి. ముప్పైనాలుగో కీర్తనలో “ఈ దీనుడు మొఱ్ఱపెట్టగా యెహోవా ఆలకించెను” అని ఉంటుంది. ఆ దీనుడికి పలుకుబడి లేదు, అండగా నిలిచే బంధువు లేడు. అందుకని మొర్ర పెట్టాడు. పేదవాడికి చెయ్యి చాచడం బతుకు నేర్పించేసింది. ఉన్నవాడు దాన్ని కష్టపడి నేర్చుకోవాలి. తేడా అంతే. అలాగని ఆకలి మంచిదని ప్రభువు ఎక్కడా అనలేదు. ఆకలేసినవాళ్ళకి రొట్టెలు పంచాడు.

రెండోది, మాటల దీనత్వం. ఇది మన సంఘాల్లో బాగా ఉంది, చెప్పక తప్పదు. ప్రార్థనలో “నేను ధూళిని ప్రభువా, పురుగును ప్రభువా, ఎందుకూ పనికిరానివాడిని ప్రభువా” అంటాం. కన్నీళ్ళు కూడా వస్తాయి. ఆమేన్ అన్నాక క్రిస్మస్ ప్రోగ్రాం కరపత్రం చేతికిస్తే మొదట ఏం చూస్తాం? మన పేరు ఎక్కడుందో చూస్తాం. పై వరసలో లేకపోతే ఆ వారం మందిరానికి రాం. దేవుడితో పురుగునని చెప్పినవాడు, కమిటీ కార్యదర్శి అదే మాట అంటే ఊరుకుంటాడా? తనని తాను తిట్టుకోవడం దీనత్వం కాదు. అందులో కూడా మన ధ్యాసంతా మన మీదే ఉంటుంది. ఆత్మలో దీనుడైనవాడి కళ్ళు తన మీద ఉండవు, ఇచ్చేవాడి చేతి మీద ఉంటాయి.

వంగిన నడుం

ఇక మూడోది. తమ్ముడు అడిగింది ఇదే, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం.

మన పెద్దవాళ్ళు ఈ డెల్టాలో ఎలా బతికారో ఇక్కడున్న ముసలివాళ్ళకి తెలుసు. ఊళ్ళో వీధిలోంచి నడవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. కామందు కనపడితే భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి. అరుగు ఎక్కకూడదు, కింద నిలబడాలి. కళ్ళెత్తి చూడకూడదు. నీళ్ళు దోసిట్లో పోస్తే తాగాలి. దీన్ని చూసి ఎవరైనా, “ఆహా, ఎంత వినయం, ఎంత దీనత్వం” అంటే అది దేవుడి మాటని అవమానించడమే. అది భయం. భయంతో వంగినవాడి మనసులో ఏముందో వంచినవాడికి ఏనాడూ తెలీదు.

దేవుడు ఈ వంగడం గురించి ఏమన్నాడు? లేవీయకాండం తియ్యండి. మనం ఎక్కువ చదవని పుస్తకం, ఇరవైయారో అధ్యాయం పదమూడో వచనం. ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్ళతో అంటున్నాడు: “నేను మీ కాడి పలుపులను తెంపి మిమ్మును నిలువుగా నడవచేసితిని.” చూశారా? నిలువుగా. కాడి మెడ మీద ఉంటే ఎద్దు తల వంచే నడుస్తుంది. కాడి తీసి పలుపులు తెంపి, ఇక నిటారుగా నడవండి అన్నాడు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో పద్దెనిమిదేళ్ళుగా నడుం వంగిపోయి, తల పైకెత్తలేని ఒక తల్లి ఉంది. విశ్రాంతి దినాన, సమాజమందిరం మధ్యలో, ప్రభువు ఆమెని పిలిచి చక్కగా నిలబెట్టాడు. సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది. ప్రభువు ఆమెని ఏమని పిలిచాడు? అబ్రాహాము కుమార్తె అన్నాడు. నడుం నిలబడింది, గౌరవం కూడా నిలబడింది. తమ్ముడూ, వంగినవాళ్ళని నిలబెట్టే దేవుడు నీ నడుం ఎందుకు వంచుతాడు?

పౌలు సంగతి చూడండి. తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో పాపుల్లో నేను ప్రధానుణ్ణి అన్నాడు. ఆ మాట నటన కాదు. అదే పౌలుని ఫిలిప్పీలో విచారణ లేకుండా బట్టలు లాగేసి, బెత్తాలతో కొట్టి, కాళ్ళకి బొండ వేసి చెరసాల్లో పడేశారు. తెల్లారాక న్యాయాధిపతులు బంట్రోతుల్ని పంపి, గుట్టుగా వెళ్ళిపొమ్మన్నారు. పౌలు ఏమన్నాడు? “స్తోత్రం ప్రభువా, బతికిపోయాం, వెళ్దాం పద సీలా” అన్నాడా? అనలేదు. మేము రోమా పౌరులం, బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, “మేము ఒప్పము, వారే వచ్చి మమ్మును వెలుపలికి తీసికొని పోవలెను” అన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు. అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయం, ఇంటికెళ్ళి చదవండి. పౌలుకి గర్వమా? కాదు. అప్పుడే ఆ ఊళ్ళో లూదియ ఇంట్లో చిన్న సంఘం పుట్టింది. దొంగల్లా వెళ్ళిపోతే ఆ సంఘం మీద మచ్చ పడుతుంది.

యేసుప్రభువు కూడా అంతే. ప్రధానయాజకుడి ముందు బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు. కానీ ఊరికే కూడా ఉండలేదు. మంచి మాట ఆడితే “నన్నేల కొట్టుచున్నావు” అని అడిగాడు. పరలోకాన్ని వదిలి వచ్చిన దీనుడు అడిగిన ప్రశ్న అది.

కాబట్టి హక్కు కోసం అడగడం దీనత్వానికి వ్యతిరేకం అని ఎవరైనా మీకు బోధిస్తే నమ్మకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డ్ కులాల జాబితాకి బయట ఉంచింది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దాని గురించి అర్జీ పెట్టుకునేవాళ్ళని “మీకు పరలోకరాజ్యం ఉందిగా, ఇదెందుకు” అనే బోధకుల్ని నేను విన్నాను. బాధేస్తుంది. దేవుని ముందు చెయ్యి చాచినవాడికి మనుషుల ముందు వంగి నిలబడాల్సిన పని లేదు. ఆ చెయ్యి చాచడం అంటే ఏంటో ఇప్పుడు చూద్దాం.

అడగడం, తీసుకోవడం

లూకా పద్దెనిమిది. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి, ఇద్దరూ దేవాలయానికి ప్రార్థన చెయ్యడానికి వెళ్ళారు. ఈ కథలో పరిసయ్యుణ్ణి మనం విలన్‌ని చేసేశాం. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు. సంపాదనంతటిలో దశమభాగం ఇస్తాడు. దొంగతనం లేదు, వ్యభిచారం లేదు. అలాంటివాడు మన సంఘంలో ఉంటే ఏం చేస్తాం? కోశాధికారిని చేస్తాం. మన అమ్మాయిని వాళ్ళింటికి కోడలిగా పంపడానికి ముందుకొస్తాం. మంచివాడే.

మరి ఏం లోపం? అతని ప్రార్థన మళ్ళీ చదవండి. నెమ్మదిగా చదవండి. అందులో ఏం అడిగాడు? చెప్పండి. ఏమీ అడగలేదు. నేను ఇలాంటివాణ్ణి కాదు, నేను ఇది చేస్తున్నాను, నేను అది ఇస్తున్నాను, నీకు కృతజ్ఞతాస్తుతులు. అయిపోయింది. దేవుడి దగ్గర అతనికి కావలసింది ఒక్కటీ లేదు. వచ్చాడు, లెక్క అప్పజెప్పాడు, వెళ్ళిపోయాడు. సుంకరి ప్రార్థన ఎంతుంది? “దేవా, పాపినైన నన్ను కరుణించుము.” అంతే. అడగడమే తప్ప చూపించుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ఇంకో సంగతి గమనించండి. ఈ సుంకరి డబ్బు లేనివాడు కాదు. రోమా ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసేవాడు, అందులో తన జేబు కూడా నింపుకునేవాడు. పేదవాళ్ళ ఉసురు పోసుకున్నవాడు. ఊళ్ళో అందరికీ అతనంటే అసహ్యం. ఆ డబ్బు, ఆ అధికారం ఉన్నవాడు గుమ్మం దగ్గర దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటున్నాడు. ఆత్మలో దీనత్వం జేబులో ఎంతుందో చూసి తెలిసేది కాదని ఇక్కడ అర్థమవుతుంది. అది దేవుడి దగ్గరికి ఏం తీసుకుని వచ్చావు అన్న ప్రశ్నకి జవాబు. ఏమీ తేలేదు ప్రభువా, తీసుకోవడానికి వచ్చాను.

మనది లూథరన్ సంఘం కాబట్టి, ఆ పేరుకి మూలమైన మార్టిన్ లూథర్ గారి చివరి రాత గురించి చెప్పాలి. 1546 ఫిబ్రవరి 18న, తను పుట్టిన ఐస్లేబెన్ ఊళ్ళోనే ఆయన చనిపోయాడు. దానికి కొంచెం ముందు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకున్నాడు. పశువుల కాపరుల మీద వర్జిల్ అనే రోమా కవి రాసిన పద్యాలు అర్థం కావాలంటే ఐదేళ్ళు కాపరిగా ఉండాలి. సేద్యం మీద రాసినవి అర్థం కావాలంటే ఐదేళ్ళు రైతుగా ఉండాలి. అలాగే లేఖనాలు తనకి అర్థమయ్యాయని ఎవరూ అనుకోవద్దు, నూరేళ్ళు ప్రవక్తలతో కలిసి సంఘాల్ని నడిపితే తప్ప. ఇలా రాసి, చివర్లో ఒక మాట జర్మన్ భాషలో, ఒక మాట లాటిన్లో: “మనం బిచ్చగాళ్ళం. ఇది నిజం.” ఆలోచించండి. బైబిల్ మొత్తాన్ని తన జనం భాషలోకి తెచ్చినవాడు. కీర్తనల మీద, రోమా పత్రిక మీద, గలతీ పత్రిక మీద ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాడు. చచ్చిపోయే ముందు దేవుడి దగ్గర చూపించడానికి వాటిలో ఒక్కదాన్నీ పట్టుకోలేదు. నిరాశతో అన్న మాట అనుకోకండి. బిచ్చగాణ్ణని ఒప్పుకున్నవాడికి ఇచ్చేవాడు ఉన్నాడన్న నమ్మకం ఉంది. లేకపోతే చెయ్యి ఎందుకు చాస్తాడు?

ఇప్పుడు లవొదికయ. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ఏడు సంఘాల్లో చివరిది. “నాకేమియు కొదువలేదు” అని చెప్పుకునే సంఘం. ఆ ఊరి చరిత్ర తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. క్రీస్తుశకం 60లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఊరు కూలిపోయింది. రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, రోము నుంచి ఏ సాయమూ తీసుకోకుండా ఆ ఊరివాళ్ళు తమ సొంత డబ్బుతోనే ఊరు మళ్ళీ కట్టుకున్నారని. లోకం దృష్టిలో అది మెచ్చుకోవలసిన సంగతే. కానీ ఆ అలవాటు దేవుడి దగ్గరికి కూడా వచ్చేసింది. మాకేం అక్కర్లేదు. నల్లని ఉన్నికి పేరుపడ్డ ఆ ఊరివాళ్ళతో ప్రభువు, నా దగ్గర తెల్లని వస్త్రాలు కొనుక్కోండి అంటాడు. డబ్బున్న ఊరితో, నా దగ్గర బంగారం కొనుక్కోండి అంటాడు. తలుపు బయట నిలబడి కొడుతున్నాను అన్నది కూడా వాళ్ళతోనే. ఆ వచనం మనం సువార్త సభల్లో బయటివాళ్ళకి చెప్తాం. ఆయన చెప్పింది సంఘానికి.

మనకి కూడా ఆ లవొదికయ దగ్గరపడుతోంది. దేవుడు మన సంఘాల్ని దీవించాడు, కాదనను. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేసి మన అక్కచెల్లెళ్ళు పంపిన డబ్బుతో ఎన్ని మందిరాలు లేచాయి! పెంకులు పోయి స్లాబులు వచ్చాయి. చదువుకున్న పిల్లలకి ఉద్యోగాలొచ్చాయి. చెరువులున్నవాళ్ళకి కలిసొచ్చింది. మంచిదే. కానీ గోడ మీద శిలాఫలకం చూడండి, ఫ్యాన్ రెక్క మీద చూడండి, పల్పిట్ మీద, గడియారం మీద, కానుకల పెట్టె మీద కూడా దాతల పేర్లు. కోతపండగ వేలంపాటలో గుమ్మడికాయ పాడితే ఎవరు ఎంతకి పాడారో మైకులో మూడుసార్లు చెప్పాలి. కువైట్‌లో వంటింట్లో నిలబడి అంట్లు తోమిన తల్లి పేరు మాత్రం అక్కడ ఉండదు, ఆ డబ్బు తెచ్చి ఇచ్చిన మగవాళ్ళ పేర్లు ఉంటాయి. ఇవ్వడం మనకి వచ్చేసింది. ఇచ్చినట్టు చెప్పుకోవడమూ వచ్చేసింది. తీసుకోవడం మర్చిపోతున్నాం.

తీసుకోవడం ఎంత కష్టమో 1996 తుఫాను తర్వాత కోనసీమలో చూశాను. నవంబరు 6 రాత్రి కొట్టిన గాలి అది. సాయం పంచడానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎటు చూసినా కొబ్బరిచెట్లు మొదలంటా పడి ఉన్నాయి. ఒక బడి దగ్గర బియ్యం, పులిహోర పొట్లాలు ఇస్తున్నారు. వరసలో అన్ని పేటలవాళ్ళూ, ఊళ్ళోవాళ్ళూ కలిసి నిలబడ్డారు. ఒక పెద్దాయన, తోటలున్న ఆసామి, వరసలోకి రాలేక గోడ పక్కన నిలబడిపోయాడు. రెండు రోజులుగా తిండి లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. వాళ్ళావిడ వచ్చి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. పొట్లం తీసుకునేటప్పుడు ముఖం అటు తిప్పుకున్నాడు. అతని వెనకే ఒక కూలిపని చేసే ఆవిడ ఉంది. రెండు చేతులూ చాచి తీసుకుంది. తీసుకుని కదల్లేదు. “బాబూ, మా పక్కింటి ముసలమ్మ నడవలేదు, ఆవిడది కూడా ఇవ్వండి” అంది. నేను ఆ పెద్దాయన్ని తప్పుపట్టడం లేదు. ఆయన జీవితమంతా ఇచ్చిన చెయ్యి, చాచిన చెయ్యి కాదు. కానీ ఆ తల్లికి తీసుకోవడం తెలుసు కాబట్టి ఇంకొకరి కోసం అడగడం కూడా తెలిసింది. ఈ రెండూ కలిసే ఉంటాయి. గమనించండి, కలిసే ఉంటాయి.

రూతు కథలో కూడా ఇదే ఉంది. పరిగె ఏరుకోవడం అంటే ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక చేలో పరిగె అంటూ పెద్దగా మిగలట్లేదు గానీ, సార్వా కోతలయ్యాక కొడవలివాళ్ళ వెనక ఒంగి ఒక్కో వెన్నూ ఏరి ఒళ్ళో వేసుకున్న అమ్మలు ఇక్కడే ఉన్నారు. చేతివేళ్ళు కోసుకుపోయేవి కదమ్మా. కొందరు రైతులు తిట్టేవారు, కొందరు చూసీచూడనట్టు వెళ్ళేవారు. రూతు పరదేశి, మోయాబు పిల్ల, విధవరాలు. ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరు. ఆమె కూడా అలాగే బోయజు పొలంలోకి వచ్చింది. బోయజు పనివాళ్ళతో ఏమన్నాడు? ఆమె కోసం పనల్లోంచి పిడికెళ్ళు తీసి పడెయ్యండి, ఏరుకోనివ్వండి, గద్దించవద్దు అన్నాడు. ఆమె ఏరుకున్నది ఆమె కష్టమే. కానీ అక్కడ పడి ఉన్నది ఇంకొకడి దయ. సాయంత్రం దుళ్ళగొట్టి, తను తినగా మిగిలింది అత్తగారికి తీసుకెళ్ళింది. ఇది దేవుని ముందు మన బతుకుకి పోలిక అని నేను అనుకుంటాను. కష్టపడ్డాం, నిజమే. కానీ పిడికెళ్ళు ముందే పడేసి ఉన్నాయి. పౌలు కొరింథువాళ్ళని అడిగింది ఇదే, నీకున్నవాటిలో ఒకరి వల్ల పొందనిది ఏముంది అని.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ డెల్టాకి సువార్త తెచ్చిన తొలివాళ్ళలో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరున్నారు. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. వెనక నెలనెలా జీతం పంపే పెద్ద సొసైటీ ఏదీ లేదు. వాళ్ళ పనులేంటో తెలుసా? బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. ఈ దేశంలో చెప్పులు కుట్టే చేతుల్ని అంటరానివన్నారు. ఆ చేతులతోనే బైబిల్ పట్టుకుని ఒకాయన ఈ గోదావరి గట్టున నడిచాడు. మన తాతముత్తాతలు సువార్త వినడానికి ఇది కూడా ఒక కారణమై ఉండాలని నాకనిపిస్తుంది.

మరి ఆ సువార్త విన్న మనం ఏం చేశాం? ఎన్ని ఊళ్ళలో రెండు పేటలకి రెండు చర్చిలున్నాయి? ఎన్నిచోట్ల అప్పం, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి, ఇక్కడివాళ్ళ బల్లకి అక్కడివాళ్ళు రారు? పెళ్ళి సంబంధాల మాటొచ్చేసరికి క్రీస్తు ఎక్కడికి పోతాడు? ఊళ్ళో మనల్ని అరుగు ఎక్కనివ్వలేదని ఏడ్చినవాళ్ళం, పక్క పేటవాణ్ణి మన అరుగు ఎక్కనివ్వం. కామందు మన ముందు కూర్చున్న కుర్చీ ఖాళీ అవ్వగానే అందులో మనం కూర్చున్నాం. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మన కోసమే రాసినట్టు ఉంటుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి నిలబడే చోటు. ఆ ఉత్తరం వెళ్ళింది పరిసయ్యులకి కాదు, క్రీస్తు సంఘాలకి.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి చివరి ముక్క ఇది. బల్ల దగ్గర మనం అందరం ఒక్క వరసలో మోకాళ్ళూనతాం. చెరువుల రైతు, కౌలు రైతు, టీచరు, కూలిమనిషి, అయ్యగారు కూడా. అరచెయ్యి చాస్తే అందులో అప్పం పెడతారు. ఎవరూ తమ ఇంటినుంచి అప్పం తెచ్చుకోరు. నీ మోకాళ్ళు వంగాల్సిన చోటు అదొక్కటే. అక్కడ నీ పక్కన మోకాళ్ళూనినవాణ్ణి బయటికొచ్చాక వంచడానికి నీకు హక్కు లేదు, నిన్ను వంచడానికి అతనికీ లేదు. వచ్చే ఆదివారం బల్ల ఉంది. పక్క పేట సంఘాన్ని కూడా పిలవమని పెద్దల్ని నేను బతిమాలుతున్నాను. అందరి ముందూ అడుగుతున్నాను. కాదనకండి.

ఇంకోటి కూడా చూడండి. ధన్యతల్లో మధ్యవన్నీ రాబోయే కాలంలో ఉన్నాయి. ఓదార్చబడుదురు, తృప్తిపరచబడుదురు, దేవుని చూచెదరు. మొదటిదానికీ, నీతి కోసం హింసపడేవాళ్ళ గురించి చెప్పిన ఎనిమిదోదానికీ మాత్రం “పరలోకరాజ్యము వారిది” అని ఉంది. ఇప్పుడే వారిది. ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి రాజ్యం రేపటిదాకా ఆగమనదు.

రేపు సాయంత్రం నాలుగో వచనం, “దుఃఖపడువారు ధన్యులు.” ఏడున్నరకి మొదలుపెడదాం. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని ఈ ఏడాది దుఃఖంలో ఉన్నవాళ్ళు పక్కింట్లో ఉంటే వాళ్ళని వెంటబెట్టుకుని రండి. యాభై ఒకటో కీర్తన చదువుకుని రండి. ప్రార్థన చేసుకుందాం.